ఫ్రిస్కో స్టాండ్స్‌లో స్టాప్‌వాచ్: రేంజర్స్ కుర్రాళ్లను అంచనా వేసిన ఆరు నెలల డైరీ

2025 సీజన్ మొత్తం టెక్సస్‌లోని ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ అనే బేస్‌బాల్ జట్టు ఆటలకు వెళ్లి, టెక్సస్ రేంజర్స్ మైనర్ లీగ్ కుర్రాళ్లలో ఎవరు పైకి వెళ్తారో నా అంతట నేను అంచనా కట్టే ప్రయత్నం చేశాను. పెట్టుకున్న నియమం ఒక్కటే: అచ్చయిన ర్యాంకింగులు చూడకుండా ముందు నా జాబితా రాయాలి, ఆ తర్వాతే వాటితో పోల్చాలి. మొదటి రెండు నెలల పనిలో చాలా భాగం పారేయాల్సి వచ్చింది. ఎందుకు పారేశానో రాస్తే, ఇదే పని చేయాలనుకునేవాళ్లకు ఆ రెండు నెలలైనా మిగులుతాయి.

బేస్‌బాల్ కొత్తవాళ్ల కోసం నాలుగు ముక్కలు. మేజర్ లీగ్ జట్లు ఆటగాళ్లను కింది స్థాయుల్లో పెంచుకునే ఏర్పాటును ఫార్మ్ సిస్టమ్ అంటారు. మన మాటల్లో నారుమడి. 30 జట్లకు తలా నాలుగు పూర్తి సీజన్ జట్లు, మొత్తం 120. రేంజర్స్ విషయంలో 2025లో కింది నుంచి పైకి వరుస ఇది: హికరీ (లో-ఏ), స్పార్టన్‌బర్గ్ (హై-ఏ), ఫ్రిస్కో (డబుల్-ఏ), రౌండ్ రాక్ (ట్రిపుల్-ఏ). వీటికింద అరిజోనాలోని సర్‌ప్రైజ్‌లో ఒక జట్టు, డొమినికన్ రిపబ్లిక్‌లో కొత్త పిల్లలు.

స్టాప్‌వాచ్ ఎందుకంటే, ట్రిపుల్-ఏలో ప్రతి బంతి వేగమూ బ్యాట్‌కు తగిలాక వెళ్లిన వేగమూ స్టాట్‌కాస్ట్ అనే కొలతల వ్యవస్థలో అందరికీ దొరుకుతాయి. డబుల్-ఏ కొలతలు జట్ల దగ్గరే ఉండిపోతాయి. ఫ్రిస్కోలో ఆడే కుర్రాడి పరుగు తెలియాలంటే మనమే కొలవాలి.

దశ 1: యావరేజ్‌తో కట్టిన జాబితా (ఏప్రిల్)

క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ని కాబట్టి చేయి ముందు బ్యాటింగ్ యావరేజ్ (బేస్‌బాల్‌లో ఇది దాదాపుగా, బ్యాటింగ్‌కు వచ్చినన్ని సార్లలో హిట్ల వాటా) దగ్గరికే వెళ్లింది. ఫ్రిస్కో బ్యాటర్లందరినీ స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి యావరేజ్ వరుసలో పేర్చాను. ఆ జాబితాలో సెబాస్టియన్ వాల్కాట్ ఏడో స్థానంలో ఉన్నాడు. బహామాస్ కుర్రాడు, 2006 మార్చిలో పుట్టాడు. అంటే అప్పటికి నిండా 19 ఏళ్లు. ఆ స్థాయిలో ఎక్కువమంది 23, 24 ఏళ్లవాళ్లు. పదో తరగతి పరీక్షలో ఏడో తరగతి పిల్లవాడు ఏడో ర్యాంకు తెచ్చుకుంటే, వాణ్ని ఏడోవాడు అని రాసి ఊరుకున్నట్టుంది నా పని.

సరిచేసిన వరుస:

1. ప్రతి పేరు పక్కన వయసు నెలలతో సహా రాశాను. ఆ స్థాయి సగటు వయసుకన్నా ఎంత చిన్నో, ఎంత పెద్దో ఇంకో గడిలో.
2. యావరేజ్‌ను చివరి గడికి నెట్టి స్ట్రయికవుట్ల (మూడు స్ట్రయిక్‌లతో ఔటవడం) శాతం, వాక్‌ల (నాలుగు చెడ్డ బంతులు వదిలేసి ఉచితంగా ఫస్ట్ బేస్ చేరడం) శాతం ముందుకు తెచ్చాను. బేస్‌బాల్ గణాంకాల పరిశోధకుడు రస్సెల్ కార్ల్‌టన్ చేసిన పరిశోధన ప్రకారం స్ట్రయికవుట్ల శాతం సుమారు 60 సార్లు బ్యాటింగ్‌కు వచ్చేసరికి నమ్మదగిన స్థాయికి వస్తుంది, వాక్‌ల శాతం 120కి. మైదానంలోకి కొట్టిన బంతుల్లో ఎన్ని హిట్లు అవుతాయన్నది తేలాలంటే 820 బంతులు దాకా కావాలి. డబుల్-ఏ సీజన్ 138 ఆటలు. ఒక్క సీజన్‌లో ఎవరూ అన్ని కొట్టలేరు. ఏప్రిల్ యావరేజ్ గురించి వేరే చెప్పక్కర్లేదు.
3. మైదానం పేరు చేర్చాను. ఫ్రిస్కో ఆడే టెక్సస్ లీగ్‌లోనే ఉన్న అమరిల్లో సముద్ర మట్టానికి సుమారు 3,600 అడుగుల ఎత్తులో ఉంది. పలచటి గాలిలో బంతి దూరం పోతుంది. అక్కడి హోమ్ రన్‌నూ కార్పస్ క్రిస్టీలో సముద్రపు గాలికి ఎదురుగా కొట్టినదాన్నీ ఒకే గడిలో వేయకూడదు.

ఈ మార్పుల తర్వాత వాల్కాట్ మొదటి స్థానానికి వచ్చాడు. నేను ఒక్క కొలత కూడా తీసుకోకముందే.

ఇప్పటిదాకా లెక్క: ఆటలు 4. పరుగు కొలతలు 0.

దశ 2: మెరుపు ముందు, ఉరుము తర్వాత (ఏప్రిల్ చివర)

బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ నుంచి అతను ముందుగా చేరాల్సిన ఫస్ట్ బేస్‌కు 90 అడుగులు. బంతి బ్యాట్‌కు తగిలిన క్షణం వాచ్ నొక్కాలి, కాలు బేస్ మీద పడగానే ఆపాలి. నేను వాడిన పట్టిక:

1. కుడిచేతి బ్యాటర్ 4.3 సెకన్లు: మేజర్ లీగ్ సగటు, గ్రేడు 50 (జట్ల కోసం కుర్రాళ్లను అంచనా వేసే స్కౌట్లు 20 నుంచి 80 దాకా వేసే మార్కు).
2. ఎడమచేతి బ్యాటర్ బేస్‌కు ఓ అడుగు దగ్గర నిలబడతాడు కాబట్టి అతనికి 4.2.
3. ప్రతి 0.1 సెకనుకు గ్రేడులో 10 పాయింట్లు. 4.1 అయితే కుడిచేతివాడికి 70, 4.5 అయితే 30.

వాచ్‌తో వెళ్లిన మొదటి మూడు ఆటలూ కుడివైపు ఫెన్స్ దగ్గర, లేజీ రివర్ కొలను పక్కన కూర్చుని కొలిచాను. మా అమ్మాయికి అక్కడ ఇష్టం. 23 కొలతలు వచ్చాయి, వాటిలో 14 కొలతలు 4.1 కన్నా తక్కువ! అంతమంది అంత వేగంగా ఒక్క జట్టులో ఉండరని తెలుసు. అయినా వాచ్ అబద్ధం చెప్పదని రాసుకుంటూ పోయాను.

పట్టుకున్నది మా అమ్మాయి. పధ్నాలుగేళ్లు, స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. "నాన్నా, బంతి అప్పుడే పైకి లేచింది. టక్ అని ఇప్పుడు వినిపించింది. నువ్వు టక్ అన్నప్పుడు నొక్కుతున్నావు" అంది.

ఇంటికొచ్చి లెక్క వేశాం. మా సీటు నుంచి హోమ్ ప్లేట్ సుమారు 350 అడుగులు. శబ్దం సెకనుకు దాదాపు 1,125 అడుగులు వెళ్తుంది. అంటే టక్ నా చెవికి చేరేసరికి 0.31 సెకన్లు గడిచిపోయాయి. వాచ్ ఆలస్యంగా మొదలైంది, కానీ ఆపింది కంటితో చూసి. 4.35 పరిగెత్తినవాడు నా పుస్తకంలో 4.04 అయ్యాడు. గ్రేడు 45 వాణ్ని 75 చేశాను.

ప్రతి కొలతకూ 0.31 కలిపి కాపాడుకుందామనుకున్నాను. కుదరలేదు. కొన్నిసార్లు చెవితో, కొన్నిసార్లు కంటితో మొదలుపెట్టాను, ఏది ఎలాగో రాసుకోలేదు. 23 కొలతలూ కొట్టేశాను.

మార్చినవి:

1. సీటు ఫస్ట్ బేస్ వైపు, హోమ్ ప్లేట్‌కు బేస్‌కు మధ్యలో. బేస్ మీద కాలు పడటం పక్క నుంచి స్పష్టంగా కనిపిస్తుంది.
2. మొదలు ఎప్పుడూ కంటితోనే. చెవుల్లో దూది పెట్టుకుని రెండు ఇన్నింగ్స్ సాధన చేశాను. పనిచేసింది.
3. ప్రతి కొలత పక్కన సీటు నంబరు.

ఇప్పటిదాకా లెక్క: ఆటలు 7. తీసిన కొలతలు 23. మిగిలినవి 0. ఖర్చు (టికెట్లు, పార్కింగ్, స్టాప్‌వాచ్) 214 డాలర్లు.

దశ 3: బొటనవేలి తప్పు (మే)

కొత్త సీటు నుంచి కొలతలు మనుషులకు సాధ్యమయ్యేవిగా వచ్చాయి. అయినా ఈసారి నమ్మకముందు పరీక్ష పెట్టాలనుకున్నాను. ఫోన్‌ను సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో పెట్టి అమ్మాయి వీడియో తీసింది, నేను వాచ్ నొక్కాను. ఇంటి దగ్గర బంతి తగిలిన ఫ్రేము నుంచి కాలు బేస్ మీద పడిన ఫ్రేము దాకా లెక్కపెట్టాం. ఒక్కో పరుగుకు వెయ్యికి పైగా ఫ్రేములు. 30 పరుగులు పూర్తయ్యేసరికి మూడు ఆదివారాలు పట్టింది.

ఫలితం: వీడియోకన్నా నా వాచ్ సగటున 0.05 సెకన్లు తక్కువ చూపింది. కారణం బొటనవేలే. బంతి ఎప్పుడు తగులుతుందో ముందు తెలియదు కాబట్టి మొదలు కాస్త ఆలస్యం. కాలు ఎప్పుడు పడుతుందో ముందే కనిపిస్తుంది కాబట్టి ఆపడంలో తొందర. రెండూ ఒకే వైపుకు లాగుతాయి. 0.05 కలుపుకుంటే సరిపోతుంది. కలుపుకోవడానికి వీల్లేనిది చెదురు: ఒక్కో కొలత అటూ ఇటూ 0.09 దాకా పోతోంది. అంటే ఒకే ఒక్క పరుగు చూసి గ్రేడు వేస్తే, గ్రేడులో దాదాపు 10 పాయింట్లు తప్పు రావచ్చు.

రెండో చిక్కు ఆటగాళ్లది. అందరూ ప్రతిసారీ పూర్తి వేగంతో పరిగెత్తరు. నేరుగా పిచ్చర్ (బంతి వేసేవాడు) చేతిలోకి కొట్టినవాడు నాలుగడుగులు వేసి ఆగిపోతాడు. ఎవరూ తప్పు పట్టరు, వారానికి ఆరు ఆటలు ఆడుతున్నారు మరి. అలాంటివి కలిపితే బద్ధకం కొలిచినట్టు, వేగం కాదు.

ఇప్పుడు పాటిస్తున్న నియమాలు:

1. ఇన్‌ఫీల్డ్‌లోకి నేల మీద కొట్టి, బేస్ దగ్గర పోటీ గట్టిగా ఉన్న పరుగులే లెక్కలోకి.
2. బంట్ (బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా నేలకు తట్టడం) వేరే గడిలో. ఎడమచేతివాళ్లు బంట్ చేస్తూనే పరుగు మొదలుపెడతారు, 0.2 దాకా తేడా.
3. ఒక్కొక్కరికి కనీసం ఐదు కొలతలు, వాటిలో మధ్యది తీసుకోవాలి. ఐదు లేకపోతే గ్రేడు ఖాళీ.

ఇప్పటిదాకా లెక్క: ఆటలు 16. తీసిన కొలతలు 112. మిగిలినవి 61. ఖర్చు 468 డాలర్లు.

దశ 4: రాడార్ గన్ కోణం (జూన్ మొదట్లో)

పిల్లల జట్టుకు కోచ్‌గా చేసే మిత్రుడి దగ్గర రాడార్ గన్ అరువు తెచ్చాను. ఫస్ట్ బేస్ వైపే, కానీ హోమ్ ప్లేట్‌కు కాస్త వెనగ్గా ఉన్న సీటు నుంచి గురిపెట్టాను. రఫ్‌రైడర్స్ పిచ్చర్ ఫాస్ట్‌బాల్ 88 మైళ్లని వచ్చింది. హోమ్ ప్లేట్ వెనక స్కౌట్ల వరుసలో ఒక పెద్దాయన ఉంటాడు. విరామంలో వెళ్లి అడిగితే తన గన్ చూపించాడు: 94.

గన్‌లో లోపం లేదు. రాడార్ తనవైపు వచ్చే వేగాన్నే చూస్తుంది. బంతి దారికి 20 డిగ్రీల పక్కన కూర్చుంటే అసలు వేగంలో 94 శాతమే కనిపిస్తుంది. 94 మైళ్లలో 94 శాతం 88. ప్లేట్ వెనక 5 డిగ్రీల లోపు కూర్చుంటే తేడా అర మైలు కూడా రాదు. ఇంకో సంగతి, బంతి ప్లేట్ దగ్గరికి వచ్చేసరికి ఏడెనిమిది మైళ్ల వేగం కోల్పోతుంది. చేయి వదిలిన చోట కొలవాలి.

ఆ పెద్దాయన చెప్పిన మాట ఇంకా విలువైనది. "మీ చూపు బంతి వెంట పోతోంది. ప్రేక్షకులు అలాగే చూస్తారు. ఒక్క ఇన్నింగ్స్ బంతిని వదిలేసి చూడండి" అన్నాడు.

ఆ రాత్రి ఆరో ఇన్నింగ్స్ మొత్తం షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) పాదాలు మాత్రమే చూశాను. పిచ్చర్ చేయి ఎత్తగానే అతను మునివేళ్ల మీద చిన్న గంతు వేస్తాడు. బంతి ప్లేట్ చేరే సమయానికి రెండు పాదాలూ నేలకు తాకుతాయి, మోకాళ్లు సడలి ఉంటాయి. బ్యాట్ తగలగానే మొదటి అడుగు అప్పటికే అటువైపు పడిపోయి ఉంటుంది. అవతలి జట్టు షార్ట్‌స్టాప్ గంతు ఒక్క లిప్త ఆలస్యం. బంతి తగిలేసరికి గాల్లోనే ఉన్నాడు. అతని ఎడమవైపు నుంచి రెండు బంతులు దూసుకుపోయాయి. స్కోరు కార్డులో అవి హిట్లు, అతని పేరిట తప్పేమీ నమోదు కాలేదు. ఇరవై ఏళ్లుగా బేస్‌బాల్ చూస్తున్నాను, ఆ గంతును మొదటిసారి చూశాను.

అప్పటి నుంచి ప్రతి ఆటలో మూడో ఇన్నింగ్స్, ఆరో ఇన్నింగ్స్ బంతి లేకుండా చూస్తాను. ఎవరిని చూడాలో ముందే రాసుకుని వెళ్తాను.

దశ 5: 50 అంటే ఎవరితో పోల్చి? (జూన్ చివర)

స్కౌట్ల గ్రేడులు 20 నుంచి 80 దాకా. 50 సగటు, ప్రతి పది ఒక మెట్టు. బ్యాటర్‌కు ఐదు గడులు: బంతి తగిలించడం, బలం, పరుగు, ఫీల్డింగ్, చేయి (బంతి విసిరే బలం). నా షీట్‌లో తొమ్మిది మంది బ్యాటర్లకూ మొత్తం మీద 50 నుంచి 55 మధ్య వచ్చింది. చాలా సంతోషమేసింది. ఆ తర్వాత పొరపాటు తెలిసింది.

50 అంటే మేజర్ లీగ్ సగటు, డబుల్-ఏ సగటు కాదు. మొత్తం మీద 50 అంటే ఏళ్ల తరబడి రోజూ ఆడే మేజర్ లీగ్ ఆటగాడు. ఒక డబుల్-ఏ జట్టులో అలాంటివాళ్లు తొమ్మిది మంది ఉండరు. 45 అంటే బెంచ్ మీదున్నా ఉపయోగపడేవాడు. 40 అంటే అవసరమైనప్పుడు పిలిస్తే వచ్చేవాడు. అది కూడా చిన్న విషయం కాదు, అంతదాకా రానివాళ్లే ఎక్కువ.

గ్రేడులన్నీ చెరిపి మళ్లీ వేశాను. ఈసారి పక్కన ఒక మేజర్ లీగ్ ఆట వీడియో నడిపిస్తూ, ఆ కంటితోనే వేశాను. ఒకరికి 60, ఒకరికి 45, ఐదుగురికి 40, ఇద్దరికి 35. వేయడానికి చేయి రాలేదు. ఆ ఇద్దరూ నా కళ్లముందు రోజూ అందరికన్నా ముందు వచ్చి కష్టపడేవాళ్లు.

ఇప్పటిదాకా లెక్క: ఆటలు 24. తీసిన కొలతలు 160. మిగిలినవి 97.

దశ 6: పాత పేర్లతో పరీక్ష (జూలై)

నా షీట్ ఇదివరకు ఫ్రిస్కోలో ఆడినవాళ్లను ఎలా అంచనా వేసేదో చూశాను.

1. జాక్ లైటర్, పిచ్చర్. 2021 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ఏర్పాటు) రెండో ఎంపిక. 2022లో ఫ్రిస్కోలో ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచ్చర్ ఇచ్చే సగటు పరుగులు) 5.54. ఏప్రిల్‌లో నేను చేసిన షీట్ అయితే అతణ్ని అట్టడుగున పెట్టేది. కానీ 92 పైచిలుకు ఇన్నింగ్స్‌లో 109 స్ట్రయికవుట్లు, 56 వాక్‌లు. బంతిలో పస ఉంది, అదుపు లేదు. కొత్త షీట్ అదే చెప్పింది. అతను 2024 ఏప్రిల్‌లో మేజర్ లీగ్‌కు వెళ్లాడు, 2025లో రేంజర్స్ స్టార్టర్లలో ఒకడు.
2. ఇవాన్ కార్టర్. 2020 డ్రాఫ్ట్‌లో 50వ ఎంపిక. అప్పటికి బయటి జాబితాల్లో పెద్దగా ఎక్కడా లేని పేరు. 2023లో ఫ్రిస్కోలో అతని యావరేజ్ 0.284, బేస్ చేరిన రేటు 0.411. ఆ తేడా దాదాపు అంతా వాక్‌లే. 2023 సెప్టెంబర్ 8న మేజర్ లీగ్‌లో మొదటి ఆట, ఆ అక్టోబర్‌లో ఒకే పోస్ట్‌సీజన్‌లో 9 డబుల్స్‌తో (సెకండ్ బేస్ దాకా చేర్చిన హిట్లు) రికార్డు, జట్టుకు వరల్డ్ సిరీస్. 2024లో మాత్రం వెన్ను నొప్పితో చాలాకాలం ఆటకు దూరమయ్యాడు. నా షీట్‌లో ఒంటి పరిస్థితికి గడే లేదు.
3. కుమార్ రాకర్, పిచ్చర్. తల్లి భారతీయ మూలాలున్న ఆవిడ కాబట్టి మనవాళ్ల ఇళ్లలో అందరికీ తెలిసిన పేరు. 2021లో న్యూయార్క్ మెట్స్ జట్టు పదో ఎంపికగా తీసుకుని, వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం చేసుకోలేదు. 2022లో రేంజర్స్ మూడో ఎంపికగా తీసుకున్నారు. 2023లో మోచేతికి టామీ జాన్ ఆపరేషన్ (దెబ్బతిన్న లిగమెంటును మార్చేది). 2024 సెప్టెంబర్ 12న సియాటిల్‌లో మేజర్ లీగ్ మొదటి ఆట. ఇక్కడా ఒంటి పరిస్థితి గడి అవసరమే.

కొత్త గడి చేర్చాను: ఏ సీజన్‌లో ఎన్ని రోజులు ఇంజ్యూరీ లిస్టులో ఉన్నాడు, శరీరంలో ఏ భాగం.

ఈ పరీక్షలో ఒక లొసుగు ఉంది. మూడూ పైకి వెళ్లిన పేర్లే. పైకి వెళ్లినవాళ్లనే ఏరుకుంటే ఏ షీట్ అయినా బాగానే కనిపిస్తుంది. 2022 ఫ్రిస్కో జట్టు మొత్తాన్ని, మధ్యలో వదిలేసినవాళ్లతో సహా, మళ్లీ గ్రేడు వేయాలి. ఆ పని ఈ చలికాలానికి పెట్టుకున్నాను.

దశ 7: జూలై 31

ట్రేడ్‌లకు గడువు రోజు. రేంజర్స్ అరిజోనా డైమండ్‌బ్యాక్స్ నుంచి అనుభవమున్న పిచ్చర్ మెరిల్ కెల్లీని తెచ్చుకుని, బదులుగా కోల్ డ్రేక్, మిచ్ బ్రాట్, డేవిడ్ హేగమన్‌లను ఇచ్చారు. ముగ్గురూ మైనర్ లీగ్ పిచ్చర్లు. నా పిచ్చర్ల జాబితాలో పైన ఉన్న రెండు పేర్లు ఒక్క మధ్యాహ్నంలో వేరే జట్టువి అయిపోయాయి.

బ్రాట్‌కు నేను 45 వేశాను. మరీ వేగం లేదు, అదుపు ఉంది. అతని గ్రేడు మారలేదు, చొక్కా మారింది. ఇంతవరకు రేంజర్స్‌కు ఎవరు ఆడతారన్నదే చూశాను. ఇంకో జట్టు ఎవరిని అడుగుతుందన్నది కూడా నారుమడి విలువలో భాగమే. ఒక గడి చేర్చాను: పెద్ద జట్టులో అదే స్థానంలో దీర్ఘకాలం ఒప్పందం ఉన్నవాడు ఉన్నాడా? ఉంటే ఈ కుర్రాడు ట్రేడ్‌లో వెళ్లే అవకాశం ఎక్కువ. వెళ్లిపోయిన పేర్లను తీసేయలేదు, రంగు మార్చి ఉంచాను.

దశ 8: జాబితా తెరిచిన రోజు (సెప్టెంబర్)

వాల్కాట్ సీజన్ ముగిసింది: యావరేజ్ 0.255, బేస్ చేరిన రేటు 0.355, 13 హోమ్ రన్లు, 32 స్టీల్స్ (పిచ్చర్ బంతి వేస్తుండగా పరిగెత్తి తర్వాతి బేస్ చేరడం). పందొమ్మిదేళ్ల వయసులో, డబుల్-ఏలో, సీజన్ పొడుగునా. నా షీట్‌లో మొత్తం మీద 60, చేయి బలానికి 65. అచ్చయిన జాబితాల్లోనూ రేంజర్స్ కుర్రాళ్లలో అతనే మొదటివాడు. అక్కడ నాకేమీ గొప్ప లేదు, అతణ్ని చూసినవాళ్లెవరైనా అదే రాస్తారు.

తేడా వచ్చింది రెండో స్థానంలో. 45 వేసి నేను అక్కడ పెట్టిన ఔట్‌ఫీల్డర్ అచ్చయిన ఏ జాబితాలోనూ మొదటి 30లో లేడు. నోట్స్ తిరగేశాను. పరుగు కొలతలు పద్నాలుగు, అన్నీ బాగున్నాయి. ఫీల్డింగ్ నోట్స్ బాగున్నాయి. వయసు 25. ఆ గడి నేనే చేర్చాను, గ్రేడు వేసేటప్పుడు నేనే దాటేశాను. ప్రతి బంతికీ పూర్తిగా పరిగెత్తేవాడు, ఆ పరుగు నా కంటికి నచ్చింది. మొదటి గడిలో నా 45ను చెరపలేదు. పక్కన కొత్త గడిలో 40 రాసి తేదీ వేశాను. ఎవరైనా ఈ షీట్ వాడుకుంటే, ఆ రెండు గడులూ ఉంచండి.

వచ్చే ఏప్రిల్‌కు మార్పులు:

1. క్యాచర్ సెకండ్ బేస్‌కు విసిరే సమయం కూడా కొలవాలి. 2.0 సెకన్లు సగటు. వీడియోతోనే, బొటనవేలితో కాదు.
2. కొలిచేవాళ్లు ఇద్దరు, రెండు వాచ్‌లు. తేడా 0.1 దాటితే ఆ కొలత చెల్లదు.
3. ఒక్కో కుర్రాణ్ని కనీసం రెండు మైదానాల్లో చూడాలి. అమరిల్లోకు కారులో దాదాపు ఆరు గంటలు, ఒక వారాంతం సరిపోతుంది.

రెండో నియమాన్ని సీజన్ చివరి వారంలోనే మొదలుపెట్టాం. అమ్మాయికి వేరే వాచ్ కొన్నాను. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో కుడిచేతి బ్యాటర్ షార్ట్‌స్టాప్ వైపు నేల మీద కొట్టి ప్రాణం పెట్టి పరిగెత్తాడు. ఆమె వాచ్‌లో 4.27. నాది 4.22. ఇంటికొచ్చి ఫ్రేములు లెక్కపెడితే 4.28.

మొత్తం లెక్క: ఆటలు 31. తీసిన కొలతలు 205. మిగిలినవి 132. గ్రేడు వేసిన బ్యాటర్లు 9. ఖర్చు 870 డాలర్లు.